ముందు రాత్రి లెక్క, తర్వాత బ్యాటరీ

"అన్నా, ఒక నూటయాభై వేసేయ్."

బ్యాటరీ కోసం మా అంగడి మెట్టెక్కేవాళ్ల తొలి మాట ఇదే. నూటయాభై అంటే 150 ఏహెచ్, ఆంపియర్ అవర్. పక్కింట్లో అదే ఉంది, బావమరిది ఇంట్లో అదే ఉంది, కాబట్టి తనకూ అదే కావాలి. చెప్పుల అంగడికి పోయి "మా పక్కింటాయన కాలి సైజు ఇవ్వు" అని ఎవరూ అడగరు. బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరమూ పక్కింటి కాలే కొలుస్తాం.

బళ్ళారి జిల్లా కురుగోడులో నాది చిన్న ఎలక్ట్రికల్ అంగడి. వైరింగు, మోటారు రివైండింగు, ఇన్వర్టర్లు చూస్తుంటాను. ఏకశిల నందిని చూడటానికి దొడ్డ బసవేశ్వర గుడికి వచ్చేవాళ్లకు మా ఊరు తెలుసు. చరిత్ర చదివినవాళ్లకు సింద రాజుల రాజధానిగా తెలుసు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ, మాలాంటి ఇళ్లలో తెలుగు అట్లాగే మిగిలిపోయింది. కరెంటు పోతే వీధిలో పిల్లలు 'కరెంట్ హోయ్తు' అని కేక పెడతారు, ఇంట్లో మా అమ్మ 'పాయె' అంటుంది. చీకటి మాత్రం రెండు భాషలకూ ఒకటే.

దీపం కింద చీకటి

"ఇంత దగ్గర కుడితినిలో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పెట్టుకొని మనకీ కోత ఏందప్పా?" అని అడిగేవాళ్లు చాలామంది. అడగదగిన మాటే. బళ్ళారి థర్మల్ స్టేషన్‌లో 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1,700 మెగావాట్లు. ఇంకోపక్క తుంగభద్ర డ్యాం దగ్గర నీళ్లతో తీసే కరెంటు. అయితే అక్కడ పుట్టిన కరెంటు నేరుగా మన వీధికి రాదు. ముందు పెద్ద లైన్లెక్కి గ్రిడ్‌లో కలుస్తుంది. అక్కణ్ణుంచి సబ్‌స్టేషన్లు దిగి, 11 కిలోవోల్టుల లైను పట్టుకొని, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వస్తుంది.

పెద్ద గ్రిడ్డే పడిపోయిన రోజులూ లేకపోలేదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకటైపోయాయి. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరే లయలో నడుస్తోంది కాబట్టి ఆ దెబ్బ మనకు తగల్లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి సోలాపూర్‌కు వేసిన 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. కానీ మా ఊళ్లో రాత్రిపూట ఫ్యాను ఆగిపోవడానికి చాలాసార్లు కారణం అంత దూరంలో ఉండదు. ఎండాకాలపు గాలివానకు వేపకొమ్మ ఒకటి తీగ మీద వాలుతుంది. లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కాలిపోతుంది. లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా ఎదురుచూడాలి.

బ్యాటరీ కొనేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనం కాచుకోవాల్సింది దేశమంతా చీకటయ్యే రోజు కోసం కాదు, మన వీధిలో పోయే నాలుగు గంటల కోసం.

తొట్టీ, కొళాయీ

మా వైపు ఇంటికో నీళ్ల తొట్టి ఉంటుంది. తొట్టి కట్టించేటప్పుడు మేస్త్రీ రెండు మాటలు అడుగుతాడు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు? నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి? అంతకు మించిన ఇంజినీరింగు అక్కర్లేదు. బ్యాటరీ కూడా తొట్టే. అందులో ఎంత పడుతుందో ఏహెచ్ చెబుతుంది. ఇన్వర్టర్ కొళాయి లాంటిది, ఒకేసారి ఎంత ధార ఇవ్వగలదో వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్, చెబుతుంది. కొళాయి పెద్దదైనంత మాత్రాన తొట్టిలో నీళ్లు పెరగవు. "పెద్ద ఇన్వర్టర్ వేశాం కదా, బ్యాకప్ ఎక్కువ రావాలి గదా" అంటుంటారు. రాదు. గంటలిచ్చేది బ్యాటరీ.

150 ఏహెచ్ బ్యాటరీలో ఎంత పడుతుందో ఒక్కసారి చూద్దాం. దాని వోల్టేజి 12. రెండూ గుణిస్తే 1,800 వాట్ అవర్లు. మన కరెంటు బిల్లులో 1,000 వాట్ అవర్లు ఒక యూనిట్. అంటే ఇద్దరు మనుషులు పట్టి దింపాల్సినంత బరువున్న ఆ డబ్బాలో ఉండేది రెండు యూనిట్లు కూడా కాదు. అందులోనూ అంతా మన చేతికి రాదు.

ఇన్వర్టర్ సైజుకు లెక్క ఇంకా సులువు. 700 వీఏ అని రాసి ఉంటే సుమారు 560 వాట్లు మోస్తుందని అనుకోండి. ఒకేసారి నడిచే ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి అంతకు లోపలే ఉండాలి. ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు, గీజరు 2,000 పైన. వీటిని ఇన్వర్టర్ లైనులో కలపనే కూడదు. బోరు మోటారు ఒక్క హెచ్‌పీదైనా మొదలయ్యే క్షణంలో తన మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు గుంజుతుంది, దాన్ని ఇంటి ఇన్వర్టర్ తట్టుకోలేదు. అందుకే వైరింగులోనే ఇన్వర్టర్‌కు వేరే లైను లాగుతాం. ఆ లైను మీద ఏ పాయింట్లు ఉండాలన్నది ఇంటివాళ్లు తేల్చాలి.

అవ్వ ఇంటి చీటీ

నిరుడు ఎండాకాలం పక్క వీధి అవ్వ ఇంటికి బ్యాటరీ వేయాల్సొచ్చింది. కొడుకు బెంగుళూరులో ఉంటాడు. "మొత్తం ఇంటికి వచ్చేట్టు రెండు పెద్ద బ్యాటరీలు పెట్టన్నా, అమ్మ ఇబ్బంది పడకూడదు" అని ఫోను చేశాడు. ఇంట్లో అవ్వ, పీయూసీ చదివే మనవరాలు, అంతే.

మీటరు పక్కన నిలబడి లెక్క రాశాను. పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు. ట్యూబులైట్లు నాలుగు, ఒక్కోటి 20. టీవీ 60. వైఫై పెట్టె 10. మొత్తం 375 వాట్లు. కొడుకు చెప్పినట్టు ఇవన్నీ నాలుగు గంటలు తిరగాలంటే, కింద చెప్పే లెక్క ప్రకారం 312 ఏహెచ్ కావాలి. అంటే దాదాపు నూటయాభైలు రెండు. కొడుకు అన్నది తప్పేం కాదు.

అప్పుడు అవ్వను అడిగాను: "రాత్రి కరెంటు పోతే ఏమేం కావాలవ్వా?"

"ఏముంది నాయనా. నా మంచం మీద ఫ్యాను, పిల్ల గదిలో ఫ్యాను, దానికి చదువుకోను ఒక లైటు. టీవీ తొమ్మిదికే ఆపేస్తా. కరెంటు లేనప్పుడు టీవీ ఎందుకు, నిద్రపోక."

రెండు ఫ్యాన్లకు 150, చిన్న ఎల్‌ఈడీ లైటుకు 10, వైఫైకి 10. 170 వాట్లు. ఇక్కడ నేను వాడే లెక్క నాలుగు మెట్లది, మీరూ వేలి మీద వేసుకోవచ్చు.

మొదటి మెట్టు, గుణకారం: 170 వాట్లు, నాలుగు గంటలు, 680.

రెండో మెట్టు, పావు కలపడం. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ కొంత వేడిగా పోగొడుతుంది. 680కి పావు కలిపితే 850.

మూడో మెట్టు, రెట్టింపు. సీసం బ్యాటరీని అడుగంటా గీకితే పలకలు త్వరగా చెడతాయి, సగంలో ఆపితే ఎక్కువ కాలం ఉంటుంది. 850 రెట్టింపు 1,700.

నాలుగో మెట్టు, 12తో భాగహారం. వచ్చింది 142. బజారులో దానికి దగ్గరగా దొరికేది 150. ఒక్కటి చాలు.

అంతటితో ఆగలేదు. "అవ్వా, ఆ రెండు ఫ్యాన్లూ మార్చేద్దాం" అన్నాను. బీఎల్‌డీసీ ఫ్యాన్లని ఇప్పుడు అన్ని అంగళ్లలో దొరుకుతున్నాయి. 75 వాట్ల ఫ్యాను ఇచ్చే గాలిని ఇవి సుమారు 30 వాట్లతో ఇస్తాయి. మళ్లీ అవే నాలుగు మెట్లు ఎక్కితే 80, నాలుగు గంటలు, 320. పావు కలిపితే 400. రెట్టింపు 800. పన్నెండుతో భాగిస్తే 67. అంటే 100 ఏహెచ్ బ్యాటరీ వేసినా ఇంకా మిగులు. రెండు పెద్ద బ్యాటరీల దగ్గర మొదలైన బేరం రెండు ఫ్యాన్లు, ఒక చిన్న బ్యాటరీ దగ్గర ముగిసింది. నాకు వ్యాపారం తగ్గింది, నిజమే. కానీ ఆ ఫ్యాన్లు కరెంటున్న రోజుల్లోనూ బిల్లు తగ్గిస్తూనే ఉంటాయి.

"80 శాతం దాకా వాడుకోవచ్చంట గదా, రెట్టింపెందుకు?" అని తెలిసినవాళ్లు అడుగుతారు. వాడుకోవచ్చు, ట్యూబులర్ రకం సీసం బ్యాటరీ తట్టుకుంటుంది. అయితే రోజూ అంత లోతుకు దించితే ఆయుష్షు తగ్గుతుంది. పైగా మూడేళ్ల తర్వాత ఆ బ్యాటరీ కొత్తప్పటిలా ఉండదు. లైన్‌మన్ ఆలస్యమైన రాత్రి ఆ మిగులే అక్కరకొస్తుంది.

స్టిక్కరు మీద చిన్నక్షరాలు

బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని పెద్దగా రాసి, పక్కన సీ20 అని చిన్నగా రాస్తారు. ఆ చిన్నక్షరాల్లోనే అసలు మతలబు ఉంది. 20 గంటలపాటు నిదానంగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తీస్తేనే 150 దక్కుతుందని దాని అర్థం. తొందరగా తీస్తే తక్కువ దక్కుతుంది. ఐదు గంటల్లోనే ఖాళీ చేయబోతే దాదాపు ఐదో వంతు కరిగిపోతుంది. నూనె డబ్బాను ఒక్కసారి బోర్లిస్తే కొంత గోడలకే అంటుకుపోయినట్టు. పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే దీనికి సూత్రం రాశాడు.

సోలార్ బ్యాటరీల మీద సీ10 అని ఉంటుంది. అది పది గంటల లెక్క. అదే 150 సంఖ్య ఉన్నా సీ10 బ్యాటరీలో సీ20 దానికంటే కాస్త ఎక్కువే పడుతుంది. రెండిటి ధరలు పోల్చేటప్పుడు ఈ అక్షరం చూడకపోతే మోసపోయేది మనమే. ఏ కంపెనీ మంచిదని కూడా అడుగుతారు. తిరుపతి అమరరాజా అయినా, కోల్‌కతా ఎక్సైడ్ అయినా, సైజు తప్పితే ఏ పేరూ కాపాడదు.

నేను చేసిన తప్పు

మేస్త్రీ రెండో ప్రశ్న గుర్తుందా? నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి? బ్యాటరీ కొనేటప్పుడు దాన్ని ఎవరూ అడగరు. అంగడి పెట్టిన కొత్తలో నేనూ అడగలేదు.

అప్పట్లో మా ఇంట్లో ఒక పాత బ్యాటరీ ఉండేది. కోతలు ఎక్కువయ్యాయని దాని పక్కనే కొత్తది ఒకటి కలిపాను. రెండు తొట్లు కలిస్తే రెట్టింపు నీళ్లని నా ఆనందం. ఇన్వర్టర్ మాత్రం పాతదే. అది ఛార్జింగుకు ఇచ్చేది పది ఆంపియర్లు, ఆ పదీ ఇప్పుడు రెండిటికీ పంచాలి. ఎండాకాలం కరెంటు వచ్చేది, రెండు గంటలకే పోయేది, మళ్లీ వచ్చేది. రెండు బ్యాటరీలూ ఏ రోజూ పూర్తిగా నిండలేదు. పాతది తాను బలహీనంగా ఉండి కొత్తదాన్ని కూడా కిందికి గుంజింది. సగం ఆకలితో నెలల తరబడి ఉన్న సీసం పలకల మీద తెల్లటి పొర గట్టిపడుతుంది. దాన్ని మేం సల్ఫేషన్ అంటాం. రెండేళ్లు నిండకముందే కొత్త బ్యాటరీ కూడా గంట సేపు ఇవ్వలేని స్థితికొచ్చింది. మా నాన్న ఒక్క మాటే అన్నాడు: "అందరికీ వేసేవాడివి, నీ ఇంటికి నువ్వే వేసుకోలేకపోతివే."

అప్పట్నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాను. పాతదానితో కొత్తది కలపను. ఛార్జింగు కరెంటు బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఉండాలి, అంటే 150కి 15 ఆంపియర్లు. అలా ఉన్నా, బాగా ఖాళీ అయిన బ్యాటరీ నిండటానికి పది పన్నెండు గంటలు పడుతుంది, ఎందుకంటే చివరి కొంత భాగం నిదానంగానే ఎక్కుతుంది. మీ వీధిలో అన్ని గంటలు వరసగా కరెంటు ఉంటుందా? ఉండకపోతే పెద్ద బ్యాటరీ కంటే వాడకం తగ్గించుకోవడం మేలు. నిండని పెద్ద తొట్టి కంటే నిండే చిన్న తొట్టి నయం.

ఇంకో సంగతి. బ్యాటరీలో పెట్టిందంతా తిరిగి రాదు. ఇంట్లో ఒక యూనిట్ వాడుకోవాలంటే ఛార్జింగుకు ఒకటిన్నర యూనిట్ పైనే పోతుంది. ఇన్వర్టర్ ఊరికే గోడకు వేలాడుతున్నా రోజంతా పది పదిహేను వాట్లు తింటుంది. నెల లెక్కేస్తే ఏడెనిమిది యూనిట్లు దాటుతుంది. మా రాష్ట్రంలో 2023లో వచ్చిన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల పైపరిమితి ఉంది, దానికి లోపల మీ పాత సగటు వాడకానికి కొంత కలిపి ఉచితంగా ఇస్తారు. అంచు మీద ఉన్న ఇళ్లు అవసరానికి మించిన బ్యాటరీ పెడితే ఈ లెక్కలోనూ దెబ్బ తగులుతుంది.

ఎండ, నీళ్లు, గాలి

బ్యాటరీ ఆయుష్షు ఇన్ని సంవత్సరాలని చెప్పేది 25 డిగ్రీల దరిదాపు చల్లదనంలో లెక్కగట్టింది. మా బళ్ళారి ఎండలు 40 దాటుతాయి. ఉండే చోటు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్ల లెక్క. అందుకే పడమటి గోడకు ఆనించి, రేకుల కింద బ్యాటరీ పెట్టనివ్వను. ఇంట్లో చల్లటి మూల ఏదో అవ్వలకు తెలుసు, కుండ పెట్టే చోటు. బ్యాటరీకి కూడా అలాంటి చోటే కావాలి.

గాలి కూడా ఆడాలి. ఛార్జింగు అయ్యేటప్పుడు సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే అంటుకునే వాయువు. ఒకింట్లో బ్యాటరీ ట్రాలీ పైన దేవుడి పటం పెట్టి, అగరొత్తి వెలిగించి ఉండటం చూశాను. ఆ పూట పటాన్ని గోడ మీదికి మార్చి, మేకు నేనే కొట్టొచ్చాను.

నీళ్ల విషయం అందరికీ తెలిసినట్టే ఉంటుంది, ఎవరూ పాటించరు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, ఫిల్టరు నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఏవీ పనికిరావు. తగ్గింది కదా అని యాసిడ్ అసలే పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు. మూడు నెలలకొకసారి తేలే ఎర్ర సూచిక చూసుకొని, గీత దాకా పోస్తే చాలు. హైడ్రోమీటరు ముంచితే 1.250 దరిదాపుల్లో ఉందంటే నిండుగా ఉన్నట్టు, 1.150కి దిగితే అడుగంటినట్టు.

లిథియం వేయొచ్చా?

సీసం, యాసిడ్ బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త ప్లాంటే 1859లో కట్టాడు. మన ట్రాలీలో ఉన్నది ఇప్పటికీ ఆ సూత్రమే. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పల్లెల దాకా వచ్చాయి. వీటిని 80, 90 శాతం దాకా దించినా పెద్ద నష్టం లేదు. కాబట్టి రెట్టింపు మెట్టు పోయి, అవ్వ ఇంటి మొదటి లెక్కలోని 850ని 0.8తో భాగిస్తే 1,062 వస్తుంది. వోల్టేజి 12.8, కాబట్టి 83 ఏహెచ్. పాత ఫ్యాన్లున్నా అవ్వ ఇంటికి 100 ఏహెచ్ లిథియం సరిపోయేది. నీళ్లు పోయక్కర్లేదు, బరువు తక్కువ, త్వరగా నిండుతుంది. కరెంటు ముక్కలు ముక్కలుగా వచ్చే చోట ఆ చివరి గుణమే పెద్ద లాభం.

ధర మాత్రం ఎక్కువ. పాత ఇన్వర్టర్‌లో దానికి తగిన ఛార్జింగు సెట్టింగు లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చాలి. వేడికి ఇదీ జడుస్తుంది. రోజూ రెండు మూడుసార్లు కరెంటు పోయే ఇంటికి లిథియం గిట్టుబాటు. నెలకోసారి పోయే ఇంటికి ట్యూబులరే చాలు.

పాత బ్యాటరీ సంగతీ చెప్పాలి. పాత సామాన్లవాడికి వేసి, యాసిడ్ మోరీలో పారబోయకండి. అందులోని సీసం పిల్లల ఒంటికి విషం. కొత్తది కొనేచోట పాతది తిరిగి తీసుకొని దాని విలువను కొత్తదాని ధరలో తగ్గిస్తారు. ఆ సీసం కరిగి మళ్లీ బ్యాటరీ అవుతుంది.

మీకో పని

బ్యాటరీ కొనాలనుకుంటే ఈసారి కరెంటు పోయినప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఏ ఫ్యాను లేకపోతే నిద్ర పట్టదో, ఏ లైటు లేకపోతే పిల్లల చదువు ఆగిపోతుందో రాయండి. ఒక్కోదాని పక్కన వాట్లు రాయండి, ఆ సంఖ్య సామాను మీదే ఉంటుంది. ఎన్ని గంటలు పోయిందో రాయండి. వచ్చాక, మళ్లీ పోయేలోపు ఎన్ని గంటలుందో అది కూడా రాయండి. ఒక వారం ఇలా చేస్తే చాలు. గుణకారం, పావు, రెట్టింపు, పన్నెండు. అంతే లెక్క.

ఆ చీటీ చేతిలో పెట్టుకొని మీ ఊళ్లో ఏ అంగడికైనా పోండి. మా అంగడికి వచ్చినా సంతోషమే. చీటీ లేకుండా వచ్చి "అన్నా, ఒకటి వేసేయ్" అన్నారో, నూటయాభై అనే చెబుతాను. నేనూ అంగడివాణ్ణే కదా.